కల్లంలో గాలి లెక్క

ఏప్రిల్, నల్గొండ. యాసంగి వడ్లు కల్లంలో ఆరుతున్నాయి. పొద్దుగాల ఆకు కూడా కదల్లేదు. పదకొండింటికి గాలి లేచింది, వడ్లను చాటతో గాలికి పోసి గట్టి గింజనూ ఉత్త పొట్టునూ వేరుచేసే తూర్పార పట్టుడు మొదలైంది.

తేలికవి ఎగిరిపోతాయి, బరువైనవి కింద పడతాయి అంటారు. సగమే నిజం. గాలికి ఎంత ఒళ్లు అడ్డుపడుతోంది, ఆ ఒంటికి ఎంత బరువుంది, రెండూ కలిపి చూడాలి. దొడ్డు వడ్లు వెయ్యి గింజలు తూస్తే సుమారు 24 గ్రాములు. అందులో పొట్టు ఐదో వంతు. పాలు పోసుకోని తాలు గింజలో ఆ పొట్టు తప్ప ఏమీ లేదు. చూడ్డానికి అంతే గింజ, బరువు మాత్రం 5 మిల్లీగ్రాములు.

పడే వేగం రెండింతలైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. నిరోధం బరువుకు సమానమైనచోట వేగం ఇక పెరగదు. ఆ హద్దు గట్టి గింజకు సెకనుకు దాదాపు 7 మీటర్లు, తాలుకు 3. చాట ఐదడుగుల ఎత్తున పట్టి, గాలి సెకనుకు 3 మీటర్లు వీస్తుంటే, గట్టి గింజ అడుగు దూరం జరిగి పడుతుంది, తాలు నాలుగడుగులు. తూర్పార అంతా ఆ మూడడుగుల తేడాలోనే ఉంది. 1971లో అపోలో 15 యాత్రలో వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ డేగ ఈకనూ ఒకేసారి వదిలితే రెండూ కలిసే నేలను తాకాయి. గాలి లేనిచోట వడ్లూ తాలూ అట్లనే ఒక్కచోట పడతాయి.

చాట గబుక్కున వంపితే పని చెడుతుంది. ముద్దగా పడే గింజలు ఒకదానికొకటి గాలి చాటు అవుతాయి, తాలు రాశిలోకే దిగుతుంది. వేలి మందం ధార, చాట మెల్లగా ఊపుతూ పోయాలి. వడ్లు తడిగా ఉంటే పొల్లు, అంటే తాలూ పొట్టూ, గింజకు అంటుకుని వదలదు, ముందు ఆరబెట్టాల్సిందే. గాలి ఉన్నట్టుండి జోరందుకుంటే మంచి గింజ కూడా పొల్లులోకి పోతుంది. అప్పుడు చాటను నడుము ఎత్తుకు దించాలి, లేదా ఆగాలి. ఫ్యాను పెట్టినా ఇదే లెక్క. మరీ దగ్గర పెడితే నడిమి ధార కొట్టుకుపోతుంది, అంచులకు గాలి అందదు.

రాళ్ల సంగతి వేరు. గింజంత రాయి గింజకు రెండింతల బరువు, గాలికి ఇంకా తక్కువ జరుగుతుంది. జల్లెడలోనూ గింజతోపాటే పోతుంది. రాశికి గాలి వచ్చే వైపు అంచున దోసెడు తీసి చూస్తే రాళ్లు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి. ఆ అంచు వడ్లను విడిగా తీసి చాటతో చెరగాలి.