నాన్న కొన్న తొలి షేరు

ఎఫ్‌డీ, బంగారం తప్ప మరో మాట వినని మా నాన్న 2023 నవంబర్‌లో, "ఒరేయ్, ఇరెడా ఐపీఓ అంట, నాకూ ఒకటి పెట్టు" అన్నారు. ఐపీఓ అంటే కంపెనీ తన షేర్లను తొలిసారి జనానికి అమ్మడం. ఇరెడా ఏమో సోలార్, గాలిమరల ప్రాజెక్టులకు అప్పులిచ్చే కేంద్ర సర్కారు కంపెనీ, 1987 నుంచీ ఉంది. పర్యావరణం గురించి నేనెంత చెప్పినా చెవికెక్కలేదు గానీ, 'సర్కారు' అన్న ఒక్క మాట పనిచేసింది! షేరు 32 రూపాయలు, లాటుకి, అంటే కనీసం కొనాల్సిన కట్టకి, 460 షేర్లు. మొత్తం 14,720 రూపాయలు బ్యాంకు ఖాతాలో బ్లాక్ అయినట్టు మెసేజ్ వచ్చేదాకా, కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి ఫోన్‌నే చూస్తూ కూర్చున్నారు. పాపం, టెన్షన్.

లాటు తగిలింది, షేర్లు మాకు దక్కాయి. లిస్టింగ్ రోజు, అంటే మార్కెట్లో షేరు అమ్మకాలు మొదలైన రోజు, ధర 50. "అమ్మేద్దామా నాన్నా?" అంటే, "ఎండ ఎక్కడికి పోతుందిరా" అన్నారు.

తర్వాతి ఏడాది 300 దాటింది, మళ్లీ దిగింది. ఆయన మాత్రం అమ్మలేదు. పొద్దున్నే ముందు బంగారం ధర, ఆ తర్వాత ఇరెడా.