వారానికి 19 గంటలు

లైటు ఆర్పి పడుకున్నదాన్ని మళ్లీ లేచి కూర్చున్నాను. "ఇంకా దాని గురించేనా?" అన్నారు ఈయన, అటు తిరిగి పడుకునే. అవును, దాని గురించే. చర్చి బడ్జెట్ కాగితంలో ఒక వరుస: "సెక్స్టన్, వారానికి 19 గంటలు." సెక్స్టన్ అంటే చర్చి కట్టడం బాగోగులు చూసుకునే మనిషి. ఇరవై కాదు, పద్ధెనిమిదీ కాదు.

ఈ రోజు వార్షిక సభ. జనవరి కదా, ఇక్కడ అమెరికాలో ఎపిస్కోపల్ (ఆంగ్లికన్) చర్చీల్లో చాలా చోట్ల ఇదే తంతు. ఆరాధన అయ్యాక హాల్లో సూపులు, కొత్త వెస్ట్రీ (చర్చి కమిటీ) ఎన్నిక, ఆపైన లెక్కలు చదవడం. మావాడు సిలువ పట్టుకుని ఊరేగింపు ముందు నడిచాడు, ఎక్కడా తడబడలేదు. నా పులిహోర గిన్నె ఖాళీ అయింది. సంతోషపడాల్సినవి ఈ రెండే, వాటి సంగతి అయిపోయింది.

ఇక 19. ఎపిస్కోపల్ చర్చిలో 2009 జనరల్ కన్వెన్షన్‌లో, అంటే చర్చి మొత్తానికీ నిర్ణయాలు చేసే సభలో, ఒక తీర్మానం చేశారు. అభిషేకం లేని మామూలు ఉద్యోగి అయినా సరే, ఏడాదికి 1000 గంటలో అంతకు మించో పనిచేసే పోస్టయితే చర్చి పెన్షన్ కట్టాలి. జీతంలో 9 శాతం, లేదంటే 5 శాతం కట్టి, ఉద్యోగి వేసుకున్నదానికి జోడీగా ఇంకో 4 శాతం దాకా. ఇప్పుడు 19ని 52తో గుణించండి. 988. ఎంత పొందికగా వచ్చిందో చూశారా! ఆ పక్క కాలమ్‌లోనే రెక్టర్ గారి, అంటే మా చర్చి పాస్టరు గారి పెన్షన్, 18 శాతం. 1917 నుంచి నడుస్తున్న ఫండ్ అది, దాని మీద ఎవరూ నోరెత్తరు, ఎత్తాలని నేనూ అనను. ఆవిడ పడే కష్టం నాకు తెలుసు. (రెక్టర్ ఆడమనిషి అని మొదట్లో అమ్మకు చెబితే పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మన నంద్యాలకి పుష్పలలిత గారు 2013లోనే బిషప్ అయ్యారు, మీకేదో కొత్తయినట్టు చెప్తున్నావే" అంది.)

అసలు నాకు ఆదివారం ఆరాధనలో పంచే లీఫ్‌లెట్ వెనక పేజీ మీద ఎప్పటి నుంచో గుర్రు. పైన పెద్దక్షరాలతో "సేవకులు: సంఘ సభ్యులందరూ" అని ఉంటుంది. ఆ కింద బిషప్, రెక్టర్, అసోసియేట్, డీకన్, ఆర్గనిస్ట్, ఆఫీసు చూసుకునే అడ్మినిస్ట్రేటర్, లెక్కలు రాసే ఆవిడ, నర్సరీ పిల్లలను చూసే అమ్మాయి, అట్టడుగున సెక్స్టన్. 1979 ప్రార్థన పుస్తకంలో ప్రశ్నోత్తరాల భాగం ఉంది. సంఘంలో సేవకులెవరు అన్న ప్రశ్నకు జవాబు అక్కడ సామాన్య విశ్వాసులతో మొదలవుతుంది. ఆ తర్వాతే బిషప్పులు, ప్రీస్టులు, డీకన్లు. పుస్తకంలో మొదట ఉన్నవాళ్లు కాగితంలోకి వచ్చేసరికి చివరికెలా జారారో అడ్మినిస్ట్రేటర్ గారిని ఒకసారి అడిగాను. ఆవిడ కళ్లజోడు మీదుగా చూసి, "చోటు చాలదు" అంది. ప్రశ్నకీ జవాబుకీ సంబంధమేమిటో ఇప్పటికీ అర్థం కాలేదు. బుధవారం మధ్యాహ్నం దాటాక ప్రకటన పంపితే వచ్చే జవాబు కూడా దాదాపు ఇలాంటిదే, "అయిపోయింది" అని.

మా సెక్స్టన్ నడుముకు తాళాల గుత్తి వేలాడుతుంటుంది. ఒక్కో తాళానికి ఒక్కో రంగు టేపు చుట్టుకున్నాడు. ఎరుపు వెస్ట్రీ గదిది, నీలం బాయిలర్ గదిది, పసుపుది దేనిదో తనకే గుర్తులేదట, అయినా పారేయడు. కట్టడం వందేళ్లు దాటినది. చలికాలంలో రేడియేటర్లు ప్రసంగం మధ్యలో టంగు టంగుమంటాయి, అప్పుడాయన వెనక బెంచీలోంచి లేచి మెల్లగా కిందికి దిగుతాడు. కాసేపటికి చప్పుడు ఆగుతుంది. ప్రసంగం ఆగదు. రెక్టర్ గారు సెలవు పెడితే ఇంకో ప్రీస్టు వచ్చి ఆరాధన జరిపిస్తారు. సెక్స్టన్ సెలవు పెట్టిన ఆదివారం ఏమైందో చర్చికొచ్చేవాళ్లకు తెలుసు, కోట్లు విప్పకుండానే ప్రభు భోజనం తీసుకున్నాం.

కారులో వస్తూ ఇదంతా ఈయన మీద కుమ్మరించాను. వెస్ట్రీలో ఉన్నది ఈయనేగా. పైకప్పు కారుతోందన్నారు, ఈ ఏడు కానుకల హామీలు తగ్గాయన్నారు. ఆరాధన, సంగీతం రెక్టర్ చేతిలో, డబ్బు వెస్ట్రీ చేతిలో, గంటలు నేనొక్కణ్నే నిర్ణయించలేదన్నారు. "మీరొక్కరే నిర్ణయించారని నేనన్నానా?" అన్నాను. ఇల్లు వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

గిన్నెలు కడుగుతుంటే ఉపదేశి తాత గుర్తొచ్చాడు. ఉపదేశి అంటే పాస్టరు లేని రోజుల్లో ఊళ్లో సంఘాన్ని చూసుకునే మనిషి. మా అమ్మమ్మ వాళ్ల ఊరు డోర్నకల్ డయోసీస్‌లోదని చాలాసార్లు రాశాను. అయ్యగారి (పాస్టరు గారి) పాస్టరేట్‌లో పదికి పైగా ఊళ్లు ఉండేవి. బుల్లెట్ మీద నెలకోసారి వచ్చి బల్ల (ప్రభు భోజనం) ఇచ్చి వెళ్లేవారు, వానాకాలమైతే అదీ అనుమానమే. మిగతా రోజులన్నీ తాతవే. వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కను ఇనప బోల్టుతో కొట్టి మొదటి గంట, రెండో గంట, మూడో గంట. మూడోది కొట్టాక కూడా రాని ఇళ్లకు తనే వెళ్లి గుమ్మంలో నిలబడేవాడు, ఏమీ అనకుండా. ప్రార్థన, పాట, రాత్రిపూట లాంతరు పెట్టి మాకు అక్షరాలు, జ్వరమొచ్చినవాళ్ల మంచం దగ్గర కూర్చోవడం, చనిపోతే గొయ్యి తవ్వేవాళ్లను పిలుచుకురావడం, అన్నీ ఆయనే. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయిన అజరయ్య గారి కాలం నుంచీ ఆ పల్లెల్లో సంఘం నిలబడింది ఇలాంటి వాళ్ల మీదే. కొంత గుడిలా కొంత మసీదులా కనిపించే డోర్నకల్ కెథెడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. అజరయ్య గారి ఫోటో మా వైపు చాలా ఇళ్లలో చూశాను. ఉపదేశుల ఫోటోలు మాత్రం వాళ్ల ఇళ్లలో కూడా ఉండవు.

తాతకు జీతం అంటూ ఏదో కొంత వచ్చేది, వచ్చిన నెలల్లో. ఇల్లు గడిచింది గుప్పెడు బియ్యంతో. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి ఇంట్లో ఆడవాళ్లు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం ఆ కుండలన్నీ గుడికొచ్చేవి. దొడ్డు బియ్యం, సన్నబియ్యం, పాతవి, కొత్తవి, నూకలు, అన్నీ కలిసిపోయి ఉండేవి. తాత భార్య వాకిట్లో కూర్చుని చేటలో చెరుగుతూ, "ఒకటి మెత్తబడేసరికి ఒకటి పలుకే ఉంటది బిడ్డా, మా ఇంట్ల అన్నం ఎప్పుడూ గింతే" అనేది నవ్వుతూ. ఆ నవ్వు చూసి వాళ్లకు ఏ లోటూ లేదనుకునేవాళ్లం. తాతకు చూపు మందగించాక ఒక కోత పండుగ నాడు, వేలం పాటకీ భోజనాలకీ మధ్యలో శాలువా కప్పారు. అయ్యగారు ప్రార్థన చేశారు. ఆ మర్నాడే కూతురి ఊరికి వెళ్లిపోయారు ఇద్దరూ. పెన్షన్ అన్న మాట ఆ రోజు ఎవరి నోటా రాలేదు. అందరూ ఏడ్చారు మాత్రం.

ఇక్కడికొచ్చాక నా కోపం ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది. తాతను ఊరంతా ప్రేమించింది, ఎవరూ లెక్క కట్టలేదు. ఆయన కొట్టిన గంటలే తప్ప ఆయనకంటూ రాసిన గంటలు లేవు. ఈ 19 ఎంత కక్కుర్తి అంకె అయినా కాగితం మీదుంది. కాగితం మీదుంది కాబట్టే నేను గుణించగలిగాను, అడగగలిగాను. పైగా మా డీకన్‌కు ఇక్కడ జీతమే లేదు. వారమంతా ఆస్పత్రిలో నర్సు డ్యూటీ, ఆదివారం ఎడమ భుజం మీంచి అడ్డంగా స్టోల్ వేసుకుని సువార్త చదువుతుంది. మన దగ్గర డీకన్ అంటే అయ్యగారు కాబోయే ముందు మెట్టు. ఆవిడ మాత్రం జీవితాంతం ఆ మెట్టు మీదే ఉంటానని వచ్చింది. ఆమె కోసం ఎందుకు ఉడికిపోలేదు నేను? ఇష్టంతో వచ్చింది కాబట్టా, వేరే జీతం ఉంది కాబట్టా?

సెక్స్టన్‌కూ వేరే జీతం ఉంది, ఆ మాటకొస్తే. హాల్లో కుర్చీలు మడతపెడుతుంటే నేనే కదిలించాను. స్కూలు బస్సు నడుపుతాడట, ఆ పెన్షన్ వస్తుందట. "19 చాలు నాకు, ఇంకా పెంచితే నా వల్ల కాదు" అని నవ్వాడు. ఆయనకు లేని బాధ నాకెందుకు అని ఈయన కూడా అన్నారు. నిజమే అనిపించింది, ఓ పది నిమిషాలు. కానీ రేపు ఈ పనిలోకి వచ్చే మనిషికి స్కూలు బస్సు లేకపోతే? అంకె మనిషిని చూసి పెట్టింది కాదు, రూలును చూసి పెట్టింది.

ఇంకోటి. పోయిన వారం మంచు పడ్డ తెల్లవారుజామున మెట్ల మీద ఉప్పు చల్లింది ఎవరు? సమాధి ఆరాధనలు రెండు పడ్డ వారంలో హాలు సర్దింది ఎవరు? అవి 19లోకి వస్తాయా, పైన రాస్తున్నారా, లేక వాటికి డబ్బులే లేవా? ఇది అడిగితే ఈయన మొదటిసారి మంచం మీద లేచి కూర్చున్నారు. తెలియదన్నారు. మంగళవారం వెస్ట్రీ మీటింగులో టైమ్‌షీట్లు అడుగుతానన్నారు. అడక్కపోతే నేనే ట్రెజరర్ గారికి మెయిల్ పెడతాను. పోయిన ఏడు పార్కింగ్ లాట్ విషయంలో నేను రాసిన మెయిల్ ఆయన ఇంకా మర్చిపోలేదు.