0.21 దగ్గర ఆగిపోయాను

పదకొండున్నర అయింది. ఆయనా పాపా ఎప్పుడో నిద్రపోయారు. నేను వంటింట్లో స్టూలు మీద కూర్చుని రిపోర్టు మళ్లీ తెరిచాను. సాయంత్రం నుంచి ఇది ఎన్నోసారో లెక్క లేదు.

వార్డు డ్యూటీలో సూది గుచ్చుకున్నాక చేయించుకునే హెచ్ఐవీ టెస్టుల్లో ఆరు నెలలది కూడా అయిపోయింది. నాన్ రియాక్టివ్, అంటే నెగెటివ్. ఆయన కాగితం చూసి ఏమీ అనలేదు, నా చెయ్యి పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నారు. తర్వాత లేచి పాపకి అన్నం కలిపారు.

నన్ను పట్టుకుని వదలనిది పక్కనున్న అంకె. ఆరు వారాలప్పుడు 0.09. మూడు నెలలప్పుడు 0.12. ఇప్పుడు 0.21. పెరుగుతోంది కదా అని ఒకటే గుబులు. 1.00 లోపు ఎంతున్నా నాన్ రియాక్టివే అని కిందే అచ్చేసి ఉంది. అది రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క కాదు. మన శాంపిల్ మిషన్లో ఎంత వెలుగిచ్చిందో చూసి, దాన్ని కటాఫ్‌తో, అంటే ఆ టెస్టుకి పెట్టిన హద్దు అంకెతో, భాగిస్తే వచ్చేది. మిషన్ మారినా, కిట్ బ్యాచ్ మారినా ఆ అంకె మారుతుంది. ఈసారి నేను లాబే మార్చాను. వార్డులో ఎవరైనా ఇదే అడిగితే రెండు నిమిషాల్లో చెప్పి ధైర్యమిచ్చి పంపిస్తాను. నాకు నేను చెప్పుకుంటే మాత్రం చెవికెక్కడం లేదు.

లాబ్ ఎందుకు మార్చానంటే, మా హాస్పిటల్లో నా పేరు పక్కన ఆ టెస్టు పేరు ఎంతమంది చదువుతారో నాకు తెలుసు కాబట్టి. సూది గుచ్చుకున్న రోజే చాలింది. ట్రేలో ఎవరో మూత పెట్టకుండా పడేసిన సూది. మూడు బెడ్ల సామాను కలిసిపోయి ఉంది, ఏ పేషెంటుదో తేల్చలేం. రక్తం కారుతున్న వేలు కుళాయి కింద పెట్టుకుని నిలబడితే ఇన్‌ఛార్జి మేడమ్ అడిగిన మొదటి మాట, "గ్లోవ్స్ వేసుకున్నావా లేదా?" వేసుకున్నాను. గ్లోవ్స్ సూదిని ఆపుతాయా?

సరే, ఇవాళ్టి సంగతి. హాలు నిండా జనం, పరగడుపున షుగర్ టెస్టుకి వచ్చిన పెద్దవాళ్లు. కౌంటర్లో అబ్బాయి కాగితం పైకెత్తి "హెచ్ఐవీ ఎవరమ్మా? హెచ్ఐవీ?" అని అరిచాడు. దాని మీద నా పేరుంది, బిల్లు నంబరుంది. వాడికి కనిపించింది మాత్రం ఆ మూడు అక్షరాలే. నేను లేచేసరికి పక్క కుర్చీలో ఆవిడ తన బ్యాగు ఒళ్లోకి లాక్కుంది. "మెల్లిగా పిలవచ్చు కదా బాబూ" అంటే, "నెగెటివే కదా మేడమ్, టెన్షన్ ఎందుకు?" అన్నాడు, అదీ గట్టిగానే. నెగెటివ్ కాకపోయినా అలాగే అరిచేవాడు కదా! నా తర్వాత లైన్లో ఉన్నవాళ్లలో ఒక్కరికైనా ఆ కాగితం పాజిటివ్ అని వస్తే? ఒకరి హెచ్ఐవీ వివరాలు వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017లోనే చట్టం చేశారు. వాడికి ఆ ముక్క ఎవరూ చెప్పినట్టు లేదు. చెప్పాల్సినవాళ్లు లోపల ఏసీ గదిలో ఉన్నారు.

ఆవిడ బ్యాగు లాక్కున్న తీరు చూశాక, ఇంటికొచ్చేదాకా లారీ బాబాయే కళ్లముందు ఉన్నాడు.

మా ఊళ్లో నాయనమ్మ వాళ్ల వెనకింట్లో ఉండేవాడు. నేను తొమ్మిదో క్లాసు. బస్టాండు దగ్గర "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని పెద్ద బోర్డు పెట్టిన రోజులు. మా క్లాసు మగపిల్లలు ఒకళ్లనొకళ్లు పులిరాజా అని పిలుచుకుని పడీపడీ నవ్వేవాళ్లు. లారీ బాబాయ్ చిక్కిపోయి అప్పటికే బండి మానేశాడు. మధ్యాహ్నం మా పెరట్లోకి మంచినీళ్లకి వచ్చేవాడు. ఆయన కోసం వేపచెట్టుకి కొట్టిన మేకుకి ఒక స్టీలు గ్లాసు వేలాడుతుండేది, అంచు కాస్త సొట్ట. ఆయనే తీసుకుని పట్టుకుంటే నాయనమ్మ చెంబు పైకెత్తి మూరెడు ఎత్తు నుంచి పోసేది. ధార అటూ ఇటూ ఊగి నీళ్లు ఆయన మణికట్టు మీద పడేవి. తాగి, గ్లాసు తనే కడిగి, మళ్లీ మేకుకి తగిలించి వెళ్లేవాడు. నాయనమ్మ చెడ్డది కాదు. పండగకి పులిహోర కూడా పంపేది, విస్తట్లో. 2003 వానాకాలంలో ఆయన పోయాడు. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్ఐవీని అదుపులో పెట్టే మాత్రలు, ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఏడాది కూడా తేడా లేదు. నర్సింగ్‌లో ఆ తేదీ చదివిన రోజు హాస్టల్ బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. ఆ గ్లాసు ఏమైందో తెలియదు.

వైరస్‌నే నేరుగా వెతికే ఆర్‌ఎన్‌ఏ టెస్టు కూడా రేపు చేయించేద్దామని సాయంత్రం అనుకున్నాను. ఇప్పుడు రాస్తూ తలెత్తితే ఎదురుగా కిటికీ గట్టు మీద నా గ్లాసు. నీలం పువ్వుల గ్లాసు, విడిగా. ఆరు నెలల నుంచి అది అక్కడే ఉంటోంది. గ్లాసుతో రాదని నాకంటే ఎవరికి తెలుసు? సబ్బు కూడా వేరుగా పెట్టుకున్నాను. నాకు ఎవరూ చెప్పలేదు. నాయనమ్మ కొట్టిన మేకు నేనే కొట్టుకున్నాను.

అయితే నా భయం జబ్బు గురించి కాదేమో అని ఇందాక ఒక వాక్యం రాసి కొట్టేశాను. జబ్బు గురించి కూడా. పాప చిన్నది.

ప్రభుత్వాసుపత్రి కౌన్సెలర్ మేడమ్ మూడో నెలలో ఒక మాట అడిగారు. "ఇంకో టెస్టు చేయిస్తే ఎన్ని రోజులు నిద్రపడుతుందమ్మా?" వారం, అన్నాను. "ఆ తర్వాత?" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను. పాజిటివ్ పేషెంటు సూదే గుచ్చుకున్నా వెయ్యి మందిలో సుమారు ముగ్గురికే వస్తుంది, అదీ మందు వేసుకోకపోతే. నాకు గుచ్చుకున్న మూడు గంటల్లోపే మొదటి మాత్ర పడింది. 28 రోజులు, ఒక్కటీ మానలేదు. యాంటీబాడీతో పాటు పీ24 అనే వైరస్ ప్రోటీన్ని కూడా చూసే లాబ్ టెస్టుకి మామూలుగా 45 రోజులు చాలు. పీఈపీ, అంటే ఆ 28 రోజుల మాత్రలు, వేసుకున్నానని మూడు నెలలకీ, ఆరు నెలలకీ కూడా చూశారు. ఇంకేం చూడాలి? ఆర్‌ఎన్‌ఏ వద్దు. ఇప్పటికి వద్దు. మళ్లీ అంకె చూస్తే ఏమనిపిస్తుందో, అందుకే రిపోర్టు ఆయన ఫైల్లో పెట్టేశాను.

గ్లాసు తీసి అందరి గ్లాసుల్లో బోర్లించాను. పొద్దున్న పాప ఏది తీసుకుంటే అదే తాగుతుంది.

రేపు సెకండ్ షిఫ్టు. పొద్దున ఆ లాబ్‌కి వెళ్లి మేనేజర్‌తో మాట్లాడతాను. పేరు పెట్టి పిలవండి, లేదా నంబరుతో పిలవండి, టెస్టు పేరుతో పిలవొద్దు అని.