సౌండ్ వస్తోంది, బొమ్మ రావట్లేదు: ప్లాస్మా ప్రాక్టికల్‌కి నా ప్రిపరేషన్

ఎలక్ట్రానిక్స్ ట్రేడ్ ప్రాక్టికల్‌లో రెండో ప్రయత్నంలో పాసయ్యాను. మొదటిసారి పోయింది ఒక్క ప్లాస్మా టీవీ దగ్గరే. లోపం ఏంటో చెప్తూ పరీక్షలో ఇచ్చిన చీటీ మీద రాసి ఉన్నది ఒకటే లైను: "సౌండ్ ఉంది, పిక్చర్ లేదు." రెండోసారీ అదే లైను వచ్చింది, సెట్టూ లోపమూ మాత్రం వేరు. ఆ రెండింటి మధ్య నేను చదివే పద్ధతి పూర్తిగా మారిపోయింది. ఇదే పరీక్షకి కూర్చోబోతున్న మిత్రులకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మొదటిసారి ఏం జరిగిందో చెప్తాను. సెట్టు ఆన్ చేయగానే నేను టార్చ్ అందుకున్నాను. ఎల్‌సీడీ సెట్ల మీద పనిచేసిన అలవాటు అది. వాటిలో బ్యాక్‌లైట్ పోతే టార్చ్ వెలుగులో బొమ్మ లీలగా కనిపిస్తుంది. ప్లాస్మాలో బ్యాక్‌లైటే ఉండదు, ప్రతి సెల్లూ తన వెలుగు తనే పుట్టిస్తుంది. "టార్చ్‌తో ఏం చూస్తున్నారు?" అని ఎగ్జామినర్ అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఆ టెన్షన్‌లోనే వెనక కవర్ తీసి, పవర్ సప్లై బోర్డు దగ్గర వీఎస్ వోల్టేజ్ (సెల్లుల్ని వెలిగించి ఉంచే పెద్ద సప్లై) కొలిచాను. ప్యానెల్ స్టిక్కర్ మీద ఉన్నంత వచ్చింది. పవర్ బాగుందని రాసేసి మెయిన్ బోర్డు మార్చాను. తేడా ఏమీ లేదు. చివరి పది నిమిషాల్లో, ఆ వీఎస్‌తో తెరని నడిపే వై-సస్టెయిన్ బోర్డు మీద ఫ్యూజ్ పోయి ఉండటం కనపడింది. అది ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది వేసి ఆన్ చేశాను. అదీ పోయింది. అక్కడితో నా టైమ్ అయిపోయింది.

తర్వాత చాలా రోజులు నేను ఆలోచించింది ఫ్యూజ్ గురించి కాదు, చీటీ మీద ఉన్న మొదటి రెండు మాటల గురించి. "పిక్చర్ లేదు" అన్నదాని వెంట పరిగెత్తాను. "సౌండ్ ఉంది" అన్నదాన్ని అసలు చదవనే లేదు. నిజానికి సగం సెట్టు బాగుందని ఆ రెండు మాటలే చెప్తున్నాయి.

అందుకే కొత్తగా ఒక నోట్‌బుక్ మొదలుపెట్టాను. పేజీకి ఎడమ వైపు, సౌండ్ వస్తోందంటే ఏయే సంగతులు రుజువైనట్టో రాశాను. స్టాండ్‌బై 5 వోల్టులు వస్తున్నాయి. పవర్ బటన్ నొక్కిన సంగతి మైక్రోకంట్రోలర్‌కి చేరింది. మెయిన్ బోర్డు నుంచి రిలే ఆన్ కమాండ్ పవర్ సప్లైకి వెళ్లింది. మెయిన్ బోర్డుకీ ఆడియో యాంప్లిఫయర్‌కీ కావలసిన తక్కువ వోల్టేజ్‌లు తయారవుతున్నాయి. ఇన్‌పుట్ సెక్షన్ సిగ్నల్ తీసుకుంటోంది. ఇంకొకటి కూడా ఉంది, దీన్ని చాలామంది వదిలేస్తారు: సెట్టు ఆరిపోకుండా నిలబడి ఉందంటే ప్రొటెక్షన్ (లోపం కనిపిస్తే సెట్టు తనంతట తనే ఆగిపోయే ఏర్పాటు) పడలేదు. పవర్ లైటు ఎర్రగా మినుకుతూ సెట్టు ఆగిపోయే కేసు వేరు, అక్కడ సౌండ్ కూడా ఉండదు. ఆ రెండింటినీ ఒకే పేజీలో కలిపి చదవకండి.

కుడి వైపు, సౌండ్ వల్ల రుజువు కాని సంగతులు. వీఎస్, వీఏ (అడ్రస్ బోర్డులకి వెళ్లే వోల్టేజ్) సప్లైలు. మెయిన్ బోర్డులోని వీడియో భాగం. అక్కడి నుంచి కంట్రోల్ బోర్డుకి వీడియో సిగ్నల్ మోసుకెళ్లే ఎల్‌వీడీఎస్ కేబుల్. కంట్రోల్ బోర్డు, దాన్నే లాజిక్ బోర్డు అని కూడా అంటారు. తెరకి రెండు పక్కల నుంచి పల్సులిచ్చే వై-సస్టెయిన్, జెడ్-సస్టెయిన్ బోర్డులు, వై పల్సుల్ని అడ్డ వరసలకి పంచే బఫర్ బోర్డులు, నిలువు వరసల్ని నడిపే, కింద ఉండే అడ్రస్ బోర్డులు, చివరికి ప్యానెల్. వెతకాల్సిందల్లా ఈ వైపే ఉంది. ఈ పేజీని చూడకుండా రాసేదాకా ప్రాక్టీస్ చేశాను.

బోర్డుల పేర్లు మిమ్మల్ని గజిబిజి చేస్తాయి, ముందే సర్దుకోండి. ఎల్‌జీ వై-సస్, జెడ్-సస్ అంటుంది, అడ్రస్ బోర్డుని ఎక్స్ బోర్డు అంటుంది. శాంసంగ్‌లో వై-మెయిన్‌కి ఎదురుగా ఉండేది ఎక్స్-మెయిన్. అంటే ఒకరి ఎక్స్, ఇంకొకరి ఎక్స్ ఒకటి కావు. పానసోనిక్‌లో స్కాన్ వైపుది ఎస్‌సీ బోర్డు, సస్టెయిన్ వైపుది ఎస్‌ఎస్ బోర్డు. పేరు బట్టి కాకుండా పని బట్టి గుర్తుపెట్టుకుంటే వైవాలో (నోటి పరీక్షలో) తడబడరు.

పవర్ ఎలా వస్తుందో తెలియకుండా ఈ లోపాన్ని పట్టుకోవడం కష్టం. ప్లాస్మాలో సప్లై ఒక్కసారిగా మొత్తం రాదు. ప్లగ్ పెట్టగానే స్టాండ్‌బై. ఆన్ చేయగానే మెయిన్ బోర్డు మొదటి కమాండ్ ఇస్తుంది, తక్కువ వోల్టేజ్‌లు వస్తాయి. ఆ తర్వాత రెండో కమాండ్‌తో ప్యానెల్‌కి కావలసిన పెద్ద వోల్టేజ్‌లు వస్తాయి: వీఏ సుమారు 55 నుంచి 70 వోల్టుల మధ్య, వీఎస్ సుమారు 180 నుంచి 210 మధ్య. సరిగ్గా ఎంత ఉండాలో ఆ ప్యానెల్ వెనక స్టిక్కర్ మీదే ఉంటుంది. సౌండ్ మొదటి కమాండ్‌తోనే వచ్చేస్తుంది. రెండో కమాండ్ రాకపోయినా, వచ్చినా సప్లై దాన్ని పాటించకపోయినా, స్పీకర్‌కి ఆ విషయం తెలియదు. మన చీటీ మీది లైనుకి మూలం చాలాసార్లు ఈ రెండు మెట్ల మధ్యే దొరుకుతుంది.

కవర్ తీయకముందు చేయాల్సినవి రెండున్నాయి. ఒకటి, మెనూ బటన్ నొక్కడం. మెనూ తెర మీద కనిపించి, వీడియో మాత్రం రాకపోతే ప్యానెల్ వైపు అంతా పనిచేస్తున్నట్టే. అప్పుడు వేరే ఇన్‌పుట్‌కి మార్చి చూడాలి, లోపం ఇన్‌పుట్ లేదా వీడియో ప్రాసెసింగ్ వైపు ఉంటుంది. రెండు, గదిలో లైట్లు ఆర్పి తెరని దగ్గరగా చూడటం. ప్లాస్మాలో ఒక ఫ్రేమ్‌ని సబ్‌ఫీల్డ్‌లు అనే చిన్న ముక్కలుగా విడగొట్టి నడుపుతారు. రీసెట్ (సెల్లులన్నిటినీ ఒకే స్థితికి తేవడం), అడ్రస్ (వెలగాల్సినవాటిని ఎంచడం), సస్టెయిన్ (వాటిని వెలిగించి ఉంచడం) అనే దశలుంటాయి. రీసెట్ డిశ్చార్జ్ వల్ల, బొమ్మ లేకపోయినా తెర మీద మసక వెలుగు ఉంటుంది. అది కనిపిస్తే వై వైపు డ్రైవ్ కొంతైనా నడుస్తోందని అర్థం. కనిపించకపోతే మాత్రం ఏమీ తేల్చేయకండి. తర్వాతి కాలపు సెట్లలో నలుపు బాగా ముదురుగా ఉంటుంది, ఆ వెలుగు కంటికి ఆనదు.

నా దృష్టిలో ఈ మొత్తం సిలబస్‌లో అన్నిటికన్నా విలువైన పరీక్ష ఇంటర్నల్ ప్యాటర్న్. చాలా కంట్రోల్ బోర్డుల్లో మెయిన్ బోర్డుతో సంబంధం లేకుండా తెల్ల, ఎర్ర, ఆకుపచ్చ, నీలం తెరల్ని పుట్టించే ఏర్పాటు ఉంటుంది. కొన్నిటిలో ఎల్‌వీడీఎస్ కేబుల్ తీసి రెండు టెస్ట్ పాయింట్లు కలపాలి, కొన్నిటిలో జంపర్ మార్చాలి. ఎలా చేయాలో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, ఊహించి ఏ పిన్నులూ కలపొద్దు. ప్యాటర్న్ వచ్చిందంటే సప్లై, కంట్రోల్, వై, జెడ్, అడ్రస్, ప్యానెల్ అన్నీ ఒక్క దెబ్బతో అనుమానం నుంచి బయటపడతాయి. మిగిలేది మెయిన్ బోర్డు, ఎల్‌వీడీఎస్ కేబుల్, ఆ కనెక్టర్లు. రాకపోతే వాటిని పక్కన పెట్టి ఇటువైపు వెతకొచ్చు. మొదటిసారి నేను ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే మెయిన్ బోర్డు జోలికే వెళ్లేవాణ్ని కాదు.

లోపం ప్యానెల్ వైపు ఉందని తేలాక, తెర ఎలా నల్లబడిందో చూడటం కూడా నేర్చుకున్నాను. ఒక అడ్రస్ డ్రైవర్ పోతే నిలువు పట్టీ పోతుంది. ఒక బఫర్ పోతే అడ్డంగా ఒక భాగం పోతుంది. ఇవి మన కేసు కావు. తెర మొత్తం పోయిందంటే, మొత్తం తెరని నడిపేదాన్నే అనుమానించాలి: వీఎస్, వీఏ, వై-సస్టెయిన్, జెడ్-సస్టెయిన్, కంట్రోల్. జెడ్ వైపు పోయినప్పుడు పూర్తి నలుపు కాకుండా బాగా మసకబారిన బొమ్మ రావడం కూడా ఉంది.

ఇక ఫ్యూజ్ సంగతి. వై, జెడ్ బోర్డుల మీద వీఎస్ లైనులో సాధారణంగా ఫ్యూజ్ ఉంటుంది. బోర్డులో మాస్‌ఫెట్ గానీ ఐజీబీటీ గానీ (రెండూ పవర్ ట్రాన్సిస్టర్లే) షార్ట్ అయితే ఫ్యూజ్ తెగుతుంది. తెగిన వెంటనే ఆ షార్ట్‌కి సప్లైతో సంబంధం పోతుంది. అందుకే సప్లై ప్రొటెక్షన్‌లోకి వెళ్లకుండా హాయిగా నడుస్తుంది, వీఎస్ సరిగ్గా చూపిస్తుంది, సౌండ్ వస్తుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. నేను మొదటిసారి చూసింది సరిగ్గా ఇదే. ఫ్యూజ్‌కి అవతల వైపు కొలవకుండా "పవర్ బాగుంది" అని రాశాను. ఇప్పుడు ఏ వోల్టేజ్ రాసినా, ఎక్కడ కొలిచానో పక్కనే రాస్తాను: సప్లై కనెక్టర్ దగ్గరా, బోర్డు కనెక్టర్ దగ్గరా, ఫ్యూజ్ తర్వాతా. రిపోర్టులో ఈ మూడూ వేర్వేరు లైన్లు.

జాగ్రత్తల మీద మార్కులున్నా లేకపోయినా వీటిని మనసు పెట్టి నేర్చుకోండి. పవర్ సప్లైలోని పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే భాగం) కెపాసిటర్ మీద 380 నుంచి 400 వోల్టుల దాకా ఉంటుంది. వీఎస్ కెపాసిటర్ల మీద 200 దాకా. ప్లగ్ తీసినంత మాత్రాన అవి ఖాళీ కావు. కాసేపు ఆగి, మీటర్‌తో కొలిచి, ఇంకా ఉంటే తగిన వాటేజ్ ఉన్న రెసిస్టర్ ద్వారా డిశ్చార్జ్ చేయాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం నేను చూశాను, దయచేసి ఎవరూ చేయొద్దు. ఆన్‌లో ఉండగా ఏ కేబులూ పీకకూడదు. ఓసిల్లోస్కోప్ వాడితే రెండు సంగతులు మర్చిపోకండి: సప్లై ప్రైమరీ వైపు గ్రౌండూ ఛాసిస్ గ్రౌండూ ఒకటి కావు, అక్కడ ప్రోబ్ క్లిప్ పెట్టకూడదు. వై వైపు వేవ్‌ఫామ్ పీక్ టు పీక్ కొన్ని వందల వోల్టులు ఉంటుంది, దానికి తట్టుకునే 100:1 ప్రోబ్ కావాలి.

థియరీకి ఎక్కువ రోజులు పెట్టలేదు. సెల్‌లో నియాన్, జినాన్ వాయువులుంటాయి. డిశ్చార్జ్‌లో జినాన్ నుంచి 147 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి వస్తుంది, అది ఫాస్ఫర్‌ని వెలిగిస్తుంది. ముందు గాజు మీద ఎలక్ట్రోడ్లని కప్పి మెగ్నీషియం ఆక్సైడ్ పొర ఉంటుంది. 1964లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో, రాబర్ట్ విల్సన్ దీన్ని కనిపెట్టారు. పానసోనిక్ 2013 చివర్లో తయారీ ఆపింది, శాంసంగ్, ఎల్‌జీ 2014లో ఆపాయి. తయారీ ఆగినదాన్ని ఎందుకు చదవాలని నేనూ మొదట్లో విసుక్కున్నాను. కానీ ఒక్కో పని ఒక్కో బోర్డు మీద విడివిడిగా ఉండటం వల్ల, లోపం వెతికే ఆలోచన నేర్పడానికి ఇంతకన్నా మంచి సెట్టు నాకు కనిపించలేదు.

రెండోసారి పరీక్ష రోజు చీటీ తీసుకుని, మీటర్ ముట్టుకోకముందే రిపోర్టు మీద రెండు వరసలూ రాశాను. మెనూ నొక్కాను, కనిపించలేదు. లైటు ఆర్పమని అడిగాను. తెర మీద సన్నటి వెలుగు ఉంది. ఆపి, ఆగి, కవర్ తీసి కనెక్టర్లన్నీ చూశాక మళ్లీ ఆన్ చేసి వీఏ, వీఎస్ మూడు చోట్లా కొలిచాను, స్టిక్కర్‌తో కలిశాయి. మళ్లీ ఆపి, మాన్యువల్ చూసి ప్యాటర్న్ పెట్టాను. తెర నిండా తెల్లగా వచ్చింది. ఆ వెలుగు చూసినప్పుడు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. మిగిలింది కేబుల్, మెయిన్ బోర్డు. కేబుల్ తీసి వెలుతురులో చూస్తే ఒక చివర రెండు కాంటాక్టులు నల్లబడి ఉన్నాయి. కేబుల్ మార్చాను, బొమ్మ వచ్చింది.

వైవాలో ఎగ్జామినర్ అడిగిన ప్రశ్న: "ప్యాటర్న్ రాకపోయి ఉంటే?" నేను మొదటిసారి పోగొట్టుకున్న సెట్టునే చెప్పాను. ఫ్యూజ్ రెండు వైపులా కొలుస్తాను, తెగితే సెట్టు ఆపి, డిశ్చార్జ్ చేసి, మీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టి వీఎస్ నుంచి గ్రౌండ్‌కి షార్ట్ ఉందేమో చూస్తాను, పోయిన ట్రాన్సిస్టర్‌ని పట్టుకుంటాను, కొత్త వై-సస్టెయిన్ బోర్డు పెట్టేముందు బఫర్ బోర్డుల్ని కూడా చూస్తాను అన్నాను. "బఫర్ ఎందుకు?" అన్నారు. అందులో స్కాన్ ఐసీ షార్ట్ అయి ఉంటే కొత్త బోర్డుని కూడా తీసుకుపోతుంది అన్నాను. "బోర్డు మార్చాక?" అని మళ్లీ అడిగారు. ఆ ప్యానెల్ స్టిక్కర్ మీద ఉన్న విలువలకే వోల్టేజ్‌లు సరిచేస్తాను, పాత సెట్టు విలువలకి కాదు అన్నాను. ఆయన రిపోర్టు మీద సంతకం పెట్టి తర్వాతి బెంచీకి వెళ్లారు.