చిన్న ఏట్లో కయాకింగ్: అడ్డుకట్ట, పడిపోయిన చెట్టు

కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) ఎక్కేముందు, లైఫ్ జాకెట్ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. అది చెవుల దాకా లేస్తే వదులుగా ఉన్నట్టే.

ఏట్లో అసలు భయపడాల్సింది రాళ్లకు కాదు, మీటరు ఎత్తు కూడా లేని అడ్డుకట్టలకు. కట్ట దిగువన నీటి పైపొర వెనక్కి, కట్టవైపే తిరుగుతుంది. మనిషిని లాక్కెళ్లి ముంచుతూ తేలుస్తూ అక్కడే తిప్పుతుంది. నురగలో గాలి ఎక్కువ కాబట్టి జాకెట్ కూడా సరిగా తేల్చదు. ఎగువ నుంచి చూస్తే కనిపించేది ఒక నున్నటి గీతే. ఆ గీత కనిపించగానే ఒడ్డుకు చేరి, పడవ మోసుకుని దాటండి. మోయడం విసుగే, అయినా మరో దారి లేదు.

కూలిన చెట్టు కొమ్మల్లోంచి నీరు పోతుంది, మనిషి పోలేడు. పడవ బోల్తాపడితే వెల్లకిలా తేలుతూ కాళ్లు దిగువకు, కాలివేళ్లు పైకి పెట్టండి. వేగపు నీటిలో నిలబడబోతే పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది. చెట్టును తప్పించలేకపోతే మాత్రం బోర్లా తిరిగి, తల ముందుకు పెట్టి గట్టిగా ఈదుతూ దానిపైకి ఎక్కాలి.

వానపడిన మర్నాడు దిగకండి.