క్యారియర్ మూత మీద ఎండ

భీమిలిలో డచ్చివారి సమాధులు చూడటానికి వెళ్దామనగానే మా అమ్మ మొహం మారింది. “పండగ వెళ్లి వారం కాలేదు. పిల్లలను వెంటబెట్టుకుని శ్మశానానికా?” అంది. నేను బలవంతపెట్టలేదు. ఆవిడను ఇంట్లో ఉంచి మేం నలుగురం వెళ్లి వద్దామనుకున్నాం. ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి చూస్తే వంటింట్లో దీపం వెలుగుతోంది. పులిహోర తిరగమోత వాసన ఇల్లంతా నిండింది. స్టీలు క్యారియర్ సర్దుతూ అమ్మ, “నేను కారులోనే కూర్చుంటాను. అక్కడి నుంచి నేరుగా భీమిలి కొండ మీద నరసింహస్వామి దర్శనానికి తీసుకెళ్లాలి” అంది. సరేనన్నాను.

మనుషులు వదిలేసి వెళ్లిన చోట్లను ఫొటోలు తీయడం నాకు పదేళ్లకు పైబడిన అలవాటు. మొదట్లో ఒక్కడినే వెళ్లేవాణ్ణి. తరువాత మా ఆవిడ, ఆ తరువాత పిల్లలు తోడయ్యారు. అమ్మాయికి ఇప్పుడు పన్నెండేళ్లు, అబ్బాయికి ఎనిమిది. ఇలాంటి చోట్లను దెయ్యాల కొంపలుగా చూపించే వీడియోలు ఈ మధ్య చాలా వస్తున్నాయి. అవి చూస్తే నాకు బాధ కలుగుతుంది. అక్కడ ఎవరో వండుకున్నారు, లెక్కలు రాసుకున్నారు, పిల్లలను పోగొట్టుకున్నారు. వాళ్లను తలచుకోవడానికి వెళుతున్నాం గాని భయపడటానికి కాదని మా పిల్లలకు ముందే చెప్పి తీసుకెళతాను.

విశాఖలో మా ఎంవీపీ కాలనీ నుంచి బీచ్ రోడ్డు ఎక్కాం. 2020 అక్టోబరులో వాయుగుండానికి బంగ్లాదేశ్ ఓడ ‘ఎంవీ మా’ కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు రాళ్ల మధ్య ఇరుక్కుపోయినప్పుడు విశాఖ అంతా చూడటానికి కదిలింది. మేమూ మూడుసార్లు వెళ్లాం. ఆ చోటు దాటుతుంటే పిల్లలు ఇప్పటికీ అటు తిరిగి చూస్తారు.

రుషికొండ దాటాక తొట్లకొండ మలుపు వచ్చింది. ఆ రోజు ఆగలేదు గాని, ఆ కొండకు మా ఇంట్లో ప్రత్యేకమైన స్థానం ఉంది. 1976లో నౌకాదళం సర్వే చేస్తుండగా అక్కడి బౌద్ధారామం బయటపడింది. తవ్వకాలు 1988లో మొదలయ్యాయి. వాన నీరు నిలవడానికి భిక్షువులు కొండరాతిలో తొలిచిన తొట్ల వల్లనే దానికా పేరు. 2019 అక్టోబరు వానలకు అక్కడి మహాస్తూపంలో కొంత భాగం కూలిపోయిందని పేపర్లో చూసి, అంతకుముందు తీసిన ఫొటోలన్నీ బయటికి తీశాను. ఒకదానిలో మా అబ్బాయి వాళ్లమ్మ చంకలో ఉన్నాడు, వెనక స్తూపం నిండుగా ఉంది. ఫొటో తీయడం ఒట్టి సరదా కాదని ఆ రోజు గట్టిగా అనిపించింది.

భీమిలి చేరేసరికి ఆరు దాటింది. తూర్పున సముద్రం మీద ఎరుపు వస్తోంది. వేటకు వెళ్లిన తెప్పలు అప్పటికే తిరిగి వస్తున్నాయి.

సమాధుల తోటలో అడుగు పెట్టగానే పిల్లలు వాళ్లంతట వాళ్లే గొంతు తగ్గించారు. కొన్ని సమాధులు నిలువెత్తు సూదిమొనల్లా లేచి ఉన్నాయి. కొన్ని వెడల్పాటి రాతి పలకలతో నేలకు అంటుకుని ఉన్నాయి. డచ్చివారు 17వ శతాబ్దంలో గుడ్డల వ్యాపారానికి ఈ తీరానికి వచ్చారు. మన పాతవాళ్లు వాళ్లను వలందావారు అనేవారు. మచిలీపట్నంలో వలందపాలెం అనే పేరు ఇప్పటికీ ఉంది. 1824 ఒప్పందం ప్రకారం ఆ మరుసటి ఏడాది వాళ్లు భీమిలిని ఇంగ్లీషువారికి అప్పగించారు. బతికున్నవాళ్లు వెళ్లిపోయారు, వీళ్లు ఉండిపోయారు.

రాతి మీద చెక్కిన అక్షరాలు చదవాలంటే ఎండ నెత్తిమీద నుంచి పడకూడదు. పక్కనుంచి, పలకను రాసుకుంటూ పోయినట్లు పడాలి. అప్పుడు ప్రతి గాటులోనూ సన్నని నీడ నిలుస్తుంది, చేతికి తెలుస్తూ కంటికి కనపడని గీత కూడా పైకి తేలుతుంది. అందుకే అంత పొద్దున్నే వెళ్లాం. కానీ నేను ఎంచుకున్న పలకకు తూర్పున పెద్ద సమాధి అడ్డంగా ఉంది. చుట్టూ ఎండ పాకినా పలక నీడలోనే ఉండిపోయింది. మా ఆవిడ తెల్ల చున్నీ పరిచి పట్టుకుంది. వెలుగు మెత్తగా వచ్చింది గాని అక్షరాలు లేవలేదు.

ఈలోపు వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. చిన్నవాడు చెప్పులు కారులో వదిలేసి వచ్చాడట. “పల్లేరు ముళ్లు ఉంటాయిరా, ముందు ఇవి వేసుకో” అంటూ చెప్పులు తెచ్చి వాడి కాళ్ల దగ్గర పడేసింది. కారు దిగనన్న మనిషి సమాధుల మధ్య నిలబడి ఉంది. ఆ సంగతి మేమెవరమూ ఎత్తలేదు.

“ఏమిటి అంతసేపు వంగి చూస్తున్నారు?” అని అడిగింది. విషయం చెప్పాను. ఒక్క క్షణం చూసి కారు దగ్గరికి వెళ్లి, క్యారియర్ పైమూత తీసుకుని వచ్చింది. “చిన్నప్పుడు గోడ మీద ఎండ ఆడించేవాళ్లం, దీనితో అవుతుందేమో చూడు” అంటూ రెండు సమాధుల సందులోంచి వస్తున్న ఎండ చారలోకి వెళ్లి నిలబడింది. మూత అటూ ఇటూ తిప్పింది. అరచేయంత వెలుగు పలక మీద దుమికి జారిపోయింది. “కిందికి నాన్నమ్మా, ఇంకా కిందికి, పక్కకు వాల్చు” అని అమ్మాయి చెబుతూ ఉంటే నెమ్మదిగా కుదిరింది.

ఒక్కసారిగా అక్షరాలు లేచాయి. మామూలు చూపుకు నాచు మరకలా ఉన్న చోట పై వరుసలో నాలుగు పెద్ద అక్షరాలు నీడలతో నిలబడ్డాయి. హెచ్, ఐ, ఈ, ఆర్.

“నాన్నా, ‘హియర్’ అని రాయబోయి తప్పు రాశారు” అంది అమ్మాయి.

తప్పు కాదమ్మా, డచ్చిలో ‘ఇక్కడ’ అనే మాటను అలాగే రాస్తారని చెప్పాను. వాళ్ల సమాధి రాతలు చాలావరకు ఆ మాటతోనే మొదలవుతాయి, ఇక్కడ ఫలానావారు ఉన్నారు అని. అది వినగానే పిల్ల మోకాళ్ల మీద కూర్చుని, రాయికి తగలకుండా గాలిలోనే వేలితో ఆ నాలుగు అక్షరాలూ రాసింది. అమ్మ మూత కదపకుండా పట్టుకునే ఉంది. వెలుగును వరుస వరుసగా కిందికి దించుకుంటూ వచ్చాం. పేరు ఉండవలసిన చోట రాయి పెచ్చులుగా లేచిపోయింది. చివరి వరుసలో 1, 7 అనే అంకెలు తెలిశాయి. తరువాతి రెండూ ఉప్పుగాలి తినేసింది.

“ఎంత దూరం నుంచి వచ్చారు?” అని అడిగింది అమ్మ.

ఓడ మీద నెలల తరబడి ప్రయాణమని చెప్పాను.

“అయితే వాళ్ల అమ్మకు ఏడాది దాకా తెలిసి ఉండదు” అంది. కాసేపు ఆగి, “అన్నాళ్లూ కొడుకు ఉన్నాడనే అనుకుని ఉంటుంది” అంది. ఆ పలక దగ్గర ఎన్నిసార్లు నిలబడ్డానో, ఆ ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు.

పక్క సమాధి మీద ఎవరో మేకుతో గీకిన రెండు పేర్లు, మధ్యలో గుండె బొమ్మ ఉన్నాయి. మూడు వందల ఏళ్ల గాలికి తట్టుకున్న రాయిని ఐదు నిమిషాల్లో పాడు చేశారు. మళ్లీ రాసే అవకాశం లేని పుస్తకం మీద గీతలు పెట్టడం లాంటిది ఇది. దయచేసి ఎవరూ చేయకండి.

బయటికి రాగానే అమ్మ అందరి కాళ్ల మీదా నీళ్లు పోయించింది. మూతను రెండుసార్లు కడిగాకే క్యారియర్ మీద పెట్టింది. 1868లో కట్టిన దీపస్తంభం ఎదురుగా, బీచ్ గోడ మీద కూర్చుని పులిహోర తిన్నాం. ఎదుట ఉన్నది ఒట్టి సముద్రమే. ఒకప్పుడు ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే సరుకును పడవల మీద మోసుకెళ్లి ఎక్కించేవారు. ఈ ఊరి గోగునారకు దేశదేశాల్లో ‘బిమ్లీ జూట్’ అనే పేరు ఉండేది. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు ఇది. 1933లో విశాఖ హార్బరు తెరిచాక ఓడలు అటు మళ్లాయి, భీమిలి రేవు మెల్లగా ఖాళీ అయింది. మా విశాఖ పెరిగిన కథలో భీమిలి తరిగిన కథ కూడా ఉందని పిల్లలకు చెప్పాలనిపించి చెప్పాను. ఎంత విన్నారో తెలియదు, అబ్బాయి చూపు మాత్రం వలలోంచి చేపలు విదిలిస్తున్నవాళ్ల మీదే ఉంది.

అమ్మ కోరినట్లు నరసింహస్వామి దర్శనం అయ్యాక ఇంకా పైకి నడిచాం. అదే పావురాలకొండ. రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ భిక్షువులు ఉండేవారు. వాళ్ల విహారాల ఇటుక పునాదులు వరుసలుగా మిగిలాయి. కొండరాతిలో తొలిచిన నీటి తొట్లూ ఉన్నాయి. ఒక దానిలో అడుగున పచ్చటి నీరు నిలిచి ఉంటే, వంగి చూసిన మా ఐదుగురి తలలూ ఆకాశంతో సహా అందులో కనిపించాయి. పైనుంచి చూస్తే సముద్రం, గోస్తని అందులో కలిసే చోటు, ఊరి ఇళ్లు అన్నీ ఒకే చూపులో ఇముడుతాయి. వర్షాకాలమంతా ఒకే చోట ఉండి ధ్యానం చేసుకునే భిక్షువులకు ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

దిగబోతుంటే చిన్నవాడి జేబు ఉబ్బెత్తుగా కనిపించింది. తీయమంటే బొటనవేలంత మందమున్న కుండ పెంకు తీశాడు. అంచు వంపు తిరిగి ఉంది. లోపలి వైపు కుమ్మరి వేళ్లు తిరిగిన గీతలు ఇంకా తెలుస్తున్నాయి. వాడి వేలు ఆ గీతలో సరిగ్గా ఇమిడింది. దాన్ని చూస్తే నాకూ వదలబుద్ధి కాలేదు, నిజమే. కానీ అలాంటి చోట ఏ వస్తువు ఎక్కడ పడి ఉందన్నదే దాని విలువ. జేబులోకి వెళ్లాక అది ఒట్టి పెంకు.

“ఎక్కడ తీశావో అక్కడే పెట్టి రావాలి” అన్నాను. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. దొంగతనం అన్నానని కాదు, ఎక్కడ తీశాడో గుర్తులేక.

అప్పుడు మా ఆవిడకు తోచింది. వాడు ఫోనుతో తీసిన ఫొటోలన్నీ వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. ముప్పైకి పైగా ఉన్నాయి: చీమలు, బల్లి, తన చెప్పు, అక్క జడ. ఒక దానిలో ఇటుక వరుస పక్కన, ఎండిన గడ్డి మొదట్లో, ఆ పెంకు వంపు అంచు కనిపించింది. మిట్టమధ్యాహ్నం ఎండలో మళ్లీ పైకెక్కాం. ఫోను ఎదురుగా పట్టుకుని, ఇటుకకు ఇటుక సరిపోల్చుకుంటూ ఆ చోటు వెతికాం. మట్టిలో పెంకు ఆకారంలోనే చిన్న గుంట ఉంది. వాడే కూర్చుని, వంపు పైకి ఉందా కిందికి ఉందా అని ఫొటోలో రెండుసార్లు చూసుకుని అందులో అమర్చాడు. ఆ రోజు మేమందరం తీసిన ఫొటోల్లో అన్నిటికన్నా పనికొచ్చింది అదే.

తిరుగు ప్రయాణంలో అందరూ నిద్రపోయారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసిన నాటి రోజులను గుర్తుచేసే కాంక్రీటు కాపలా గూడును బీచ్ రోడ్డు పక్కన పిల్లలకు చూపించాలనుకున్నాను. లేపబుద్ధి కాలేదు. ఇంకో ఆదివారం వెళతాం.

రాత్రి ఫొటోలు కంప్యూటర్లో వేసి చూస్తుంటే అమ్మ వెనక నిలబడింది. నాలుగు అక్షరాలూ స్పష్టంగా లేచిన ఫొటోకు కుడి అంచున ఆవిడ చేయి, రెండు మట్టిగాజులు, మూత అంచు పడ్డాయి. అవి కనపడకుండా కత్తిరిద్దామని గీత పెట్టాను.

“అలాగే ఉండనీ. ఒకటి నాకు కూడా తీయించు” అంది.

మర్నాడు రెండు ప్రింట్లు తీయించాను, అంచు కత్తిరించకుండా.