విమానం ముందా, వ్యాపారం ముందా? నాలుగు మార్కులు నేర్పిన పాఠం

మిత్రులారా,

మెయిన్స్‌కు ముందు రాసిన ఒక మాక్ పరీక్షలో 15 మార్కుల ప్రశ్న ఒకటి వచ్చింది: “రెండు దేశాల మధ్య కొత్తగా నేరుగా విమానాలు నడవడం వల్ల వాణిజ్యం, పర్యాటకంపై పడే ప్రభావాన్ని చర్చించండి.” చూడగానే సంబరపడ్డాను. ప్రయాణ సమయం తగ్గుతుంది, పర్యాటకులు పెరుగుతారు, ఎగుమతులు పెరుగుతాయి, ఉపాధి పెరుగుతుంది... ఎనిమిది పాయింట్లు రాసి, కింద గీతలు కొట్టి, చివర ఒక బొమ్మ కూడా గీశాను. నాలుగు మార్కులు వచ్చాయి. మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఒకే ఒక్క వాక్యం: “విమానం ముందా, వ్యాపారం ముందా?”

రెండు రోజులు ఆ దిద్దినాయన మీద కోపంగానే ఉన్నాను. మూడో రోజు విషయం బోధపడింది. ఏ విమానయాన సంస్థా పుణ్యానికి సర్వీసు వేయదు. ఇప్పటికే రాకపోకలు పెరుగుతున్న నగరాలను చూసుకునే వేస్తుంది. కాబట్టి సర్వీసు మొదలయ్యాక వాణిజ్యం పెరిగిందని ఎన్ని అంకెలు చూపించినా, అది విమానం పుణ్యమేనని తేలదు. నా ఎనిమిది పాయింట్లలో ఒక్కటీ ఈ సందేహానికి జవాబు చెప్పలేదు.

జవాబు వెతుకుతుంటే ఫిలిపె కంపాంటె, డేవిడ్ యానగిజావా డ్రాట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2018లో ప్రచురించిన అధ్యయనం కంటపడింది. వాళ్లు పట్టుకున్న కిటుకు చాలా చిన్నది. ప్రయాణం 12 గంటలు దాటితే అదనపు పైలట్లు, సిబ్బంది కావాలి, ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది. 12 గంటలంటే దాదాపు 6,000 మైళ్లు, అంటే 9,650 కిలోమీటర్లు. అందువల్ల ఆ గీతకు కాస్త ఇవతల ఉన్న నగరాల జంటలకు నేరుగా విమానం దొరికే అవకాశం ఎక్కువ, కాస్త అవతల ఉన్నవాటికి తక్కువ. నగరం గీతకు ఇటు పడిందా అటు పడిందా అన్నది భూగోళం నిర్ణయించింది, వ్యాపారం కాదు. అయినా గీతకు ఇవతల ఎక్కువ జంటలున్న విమానాశ్రయాల చుట్టూ ఆర్థిక కార్యకలాపాలు ఎక్కువగా పెరిగాయి, అక్కడి కంపెనీల్లో విదేశీ యాజమాన్య సంబంధాలూ పెరిగాయి. మార్జిన్‌లోని ప్రశ్నకు ఇంతకంటే సూటైన జవాబు నాకు మరెక్కడా దొరకలేదు.

నమ్మకం కుదరక గ్లోబు మీద దారం పెట్టి కొలిచాను. షాంఘై దగ్గర ఒక కొస వేలితో నొక్కిపట్టి, 6,000 మైళ్లకు సరిపడా దారం లాగితే మిలాన్ లోపల పడింది, మాడ్రిడ్ బయట ఉండిపోయింది. ఆ రోజు తర్వాత ఆ అధ్యయనాన్ని మళ్లీ చదవాల్సిన పని పడలేదు. మీరూ ఒకసారి చేసి చూడండి, పది పేజీల నోట్సు కంటే నయం.

సరకు రవాణా గురించి మనలో చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తాం. అక్కడే మార్కులున్నాయి. ప్రపంచ వాణిజ్యంలో విమానాల్లో వెళ్లే సరకు పరిమాణంలో ఒక శాతం కూడా ఉండదు, విలువలో మాత్రం దాదాపు 35 శాతం. మందులు, ఎలక్ట్రానిక్ విడిభాగాలు, కోసిన పూలు వంటివన్న మాట. పైగా కోవిడ్‌కు ముందు ఈ సరకులో సుమారు సగం ప్రయాణికుల విమానాల పొట్టలోనే వెళ్లేది. అంటే పర్యాటకుల కోసం వేసిన సర్వీసు, ఎవరూ అడగకుండానే ఎగుమతిదారుకు దారి తెరుస్తుంది. 2020లో ప్రయాణికుల విమానాలు ఆగిపోగానే సరకు ఛార్జీలు ఎందుకు ఎగబాకాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కానీ నేరుగా వెళ్లే ప్రతి విమానమూ సరకు మోయదు. 2018లో సింగపూర్ నుంచి న్యూయార్క్ పక్కనున్న నెవార్క్‌కు మళ్లీ మొదలైన సర్వీసునే చూడండి. 15,000 కిలోమీటర్లు దాటిన దూరం, 161 సీట్లు, ఎకానమీ తరగతే లేదు. బరువు తగ్గించడానికి ముందువైపు సరకు గదిని కూడా వాడరు. ఇది తీరిక లేని వ్యాపారుల విమానం. దీన్ని పర్యాటకానికి ఉదాహరణగా రాస్తే నవ్వుతారు. అన్నట్టు, విమానయాన భాషలో డైరెక్ట్ వేరు, నాన్‌స్టాప్ వేరు. మధ్యలో ఎక్కడైనా దిగినా, సర్వీసు నంబరు మారకపోతే అది డైరెక్టే.

పర్యాటకానికి నేను ఐస్‌లాండ్‌ను ఎంచుకున్నాను. 2010లో ఐదు లక్షలకు కాస్త తక్కువగా ఉన్న విదేశీ సందర్శకులు 2018 నాటికి సుమారు 23 లక్షలయ్యారు. ఇదంతా కొత్త సర్వీసుల వల్లే అని రాస్తే మళ్లీ ఎర్ర సిరా ఖాయం. 2008 సంక్షోభంలో అక్కడి కరెన్సీ క్రోనా విలువ పడిపోయి విదేశీయులకు ఖర్చు తగ్గింది, 2010లో అగ్నిపర్వతం పేలి దేశం పేరు అందరి నోళ్లలో నానింది. అసలు సాక్ష్యం తర్వాత వచ్చింది. 2019 మార్చిలో చౌక విమానాల సంస్థ వావ్ ఎయిర్ దివాలా తీసింది. దేశం అందం అలాగే ఉంది, సీట్లు మాత్రం పోయాయి. ఆ ఏడాది సందర్శకులు సుమారు 20 లక్షలకు తగ్గారు. అలాగే 2022లో రష్యా గగనతలం యూరప్ విమానాలకు మూతపడ్డాక ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి నుంచి టోక్యోకు తొమ్మిదిన్నర గంటల ప్రయాణం కాస్తా 13 గంటలకు పెరిగింది. దారి పెరగడాన్ని, పోవడాన్ని గమనిస్తే, రావడం వల్ల కలిగిన ప్రభావం తెలుస్తుంది.

ఇంకో మాట. విమానం రెండు వైపులా తిరుగుతుంది. వచ్చే పర్యాటకుడి ఖర్చు మనకు సేవల ఎగుమతి, వెళ్లే పర్యాటకుడిది దిగుమతి. వీసా నిబంధనలు సడలించకపోతే రెండూ ఉండవు, ఖాళీ సీట్లే మిగులుతాయి. అంతర్జాతీయ విమానయాన నియమాలకు పునాది వేసిన 1944 నాటి చికాగో ఒప్పందం, గగనతల స్వేచ్ఛలు (ఒక దేశ విమానాలు మరో దేశం మీదుగా ఎగరడానికి, అక్కడ దిగడానికి ఉండే హక్కులు), సర్వీసులపై ప్రభుత్వ పరిమితులు ఎత్తేస్తూ 1992లో అమెరికా, నెదర్లాండ్స్ కుదుర్చుకున్న ఓపెన్ స్కైస్ ఒప్పందం పరీక్షకు చదివే అందరికీ తెలిసినవే, ఒక పేరాలో ముగించండి.

అదే ప్రశ్నను మళ్లీ రాసి, దిద్దినాయనకే ఇచ్చాను. తొమ్మిదిన్నర వచ్చింది. మార్జిన్‌లో మళ్లీ ఎర్ర సిరా: “మరి పేద దేశాల సంగతి?” ఆ అధ్యయనంలో నేను ఉత్సాహంలో వదిలేసిన సగం అదే. నేరుగా విమానాలు కలిసిన చోట పెట్టుబడి సంపన్న దేశాల నుంచి మధ్యాదాయ దేశాలకు ప్రవహించింది. అట్టడుగు దేశాలకు మాత్రం చేరలేదు.